ఇరవై ఎనిమిది రోజుల జ్వరం

మా అక్క రక్తాన్ని నేను యాభై ఎనిమిది సార్లు మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. యాభై ఎనిమిది సార్లూ రిజిస్టరులో నెగెటివ్ అని రాశాను. అందులో ఒక్క తప్పు లేదు. ఆమె రక్తంలో మలేరియా క్రిమి ఏనాడూ లేదు. లేదన్న సంగతి నాకు మొదటి చుక్క తీసేనాటికే తెలుసు.

బి.ఎస్సీ. అయినాక ల్యాబ్ ట్రైనింగ్ ముగించుకొని 1978లో ఆళ్ళగడ్డలో మలేరియా ల్యాబ్ టెక్నీషియనుగా చేరాను. పోయిందనుకున్న మలేరియా మళ్ళీ ఊళ్ళ మీద పడిన కాలం అది. ఇల్లిల్లూ తిరిగే వర్కరు పోస్టు ఖాళీగా ఉండటంతో టౌన్లో తిరిగే పని కూడా నా మీదే వేశారు. పదిహేను రోజులకు ఒకసారి ప్రతి గడప ముందూ నిలబడి, జరమొచ్చినోళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడగాలి. ఉన్నారంటే ఎడమచేతి ఉంగరపు వేలు స్పిరిటు దూదితో తుడిచి, సూదితో పొడిచి, గాజు స్లైడు మీద చుక్క తీసుకోవాలి. నాలుగు క్లోరోక్విన్ మాత్రలు ఇచ్చి నా కళ్ళ ముందర మింగించాలి. స్లైడు నంబరు, పేరు, వయసు, తేదీ రాసి చీటీ చేతికివ్వాలి. తలుపు పక్క గోడ మీద గీసిన గడిలో తేదీ వేసి సంతకం పెట్టాలి. మరునాడు ఆ స్లైడ్లకు రంగు వేసి నేనే చూడాలి.

పని నాకు నచ్చింది. ఏ గడిలో ఏది రాయాలన్నది ముందే తేలిపోయిన పని. అటువంటి పనిలో మనిషి తప్పు చేయలేడని అనుకునేవాణ్ణి.

మాది నంద్యాల. నాయన మిషన్ బడిలో పంతులు. అక్క నాకన్నా మూడేళ్ళు పెద్ద. ఆమెకు పద్నాలుగేళ్ళప్పుడు మొదలైంది నొప్పి. నెలకు మూడు రోజులు, కొన్ని నెలల్లో నాలుగు. మొదటి రోజు ట్రంకుపెట్టె అంచుకు పొట్ట ఆనించి, తల కిందికి వేలాడేసి, గంటల తరబడి అట్లాగే ఉండేది. అంచు కోసుకోకుండా పాత దుప్పటి మడిచి వేసుకునేది. అమ్మ వాము కాచి తాగించేది. ఇటుక వేడి చేసి గుడ్డలో చుట్టి ఇచ్చేది. అంతకు మించి ఆమెకూ తెలియదు.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు నెలనెలా దూరంగా కూర్చునే ఆచారం లేదు. మా వీధి చివర షావుకార్ల ఇళ్ళలో ఉండేది. మనకు ఆ మైల పట్టింపులు లేవని అమ్మ గొప్పగా చెప్పుకునేది. లేని మాట నిజమే. కానీ ఆ ఇళ్ళలో కోడలికి మూడు రోజులు చాప మీద పడుకునే వీలన్నా ఉండేది. మా ఇంట్లో బావినీళ్ళు తేవలసిందే, ఆదివారం చర్చికి రావలసిందే. ఒకసారి ప్రార్థన మధ్యలో అక్క బెంచీ మీది నుంచి కిందికి జారిపోయింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందని అమ్మ అందరికీ చెప్పింది. అంటు లేని ఇంట్లో సెలవు కూడా లేదు.

పెళ్ళయితే అదే సర్దుకుంటుందని అమ్మ, అమ్మ చెల్లెళ్ళు, చర్చిలో పెద్దమ్మలు అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు. అక్క ఒక్కసారే దానికి బదులు చెప్పింది, అదీ నాతో.

"పెండ్లయినోళ్ళు ఎవురూ నోరిప్పరు కదా. అందుకే సర్దుకునిందనుకుంటారు."

ఆ మాటకు విలువ కట్టడం నాకు అప్పుడు చేతకాలేదు. చెప్పనివాళ్ళను లేనివాళ్ళ కింద లెక్కేస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదని ట్రైనింగులో చదువుకున్నాను. ఇంట్లో విన్నదానికి అది వర్తిస్తుందని తోచలేదు.

టీచరు ట్రైనింగు అయినాక అక్కకు ఆళ్ళగడ్డలో ఒక ప్రైమరీ బడిలో ఉద్యోగం దొరికింది. నాకు కూడా అదే ఊళ్ళో పోస్టింగు రావడంతో ఇద్దరం రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. నెలకు రెండు రోజులు ఆమె బడికి పోలేకపోయేది. సెలవు చీటీలో 'జ్వరం' అని రాసేది. ఆ చీటీ హెడ్మాస్టరు బల్ల మీదికి చేరేలోపల మరో ఇద్దరు మాస్టర్లు చదువుతారు. అక్కడ ఇంకో మాట రాసే వీలు లేదు.

ఒకరోజు హెడ్మాస్టరు అందరి ముందరా అడిగాడట, "ఏం టీచరమ్మా, మీ జరానికి క్యాలెండరుండాదా ఏంది?" అని. మాస్టర్లు నవ్వారట. ఈసారి జ్వరమొస్తే రుజువు తెచ్చిన తర్వాతే సంతకం పెడతానన్నాడట. అక్క ఈ సంగతి ఏడ్చుకుంటూ చెప్పలేదు. బియ్యం ఏరుతూ చెప్పి, చేట పక్కన పెట్టి, నా వైపు తిరిగింది.

"నీ కాడ చీటీలుంటాయి కదా. ఒకటి రాసియ్యి."

"రక్తం తీయకుండా చీటీ ఇయ్యకూడదక్కా. నంబరు పడదు."

ఆమె ఎడమచెయ్యి చాపింది.

"అయితే పొడువు."

పొడిచాను. జ్వరం అబద్ధమే గానీ రక్తం నిజం, స్లైడు నిజం, నంబరు నిజం, ఫలితం నిజం. ఇన్ని నిజాల మధ్య ఒక్క అబద్ధం పెద్ద విషయమనిపించలేదు. మాత్రలు కూడా నియమం ప్రకారమే ఇచ్చాను. నాలుగూ మింగేదాకా ఎదురుగా నిలబడ్డాను. అసలే తిప్పుతున్న కడుపులో ఆ చేదు పడేసరికి ఆమె వాంతి చేసుకుంది. రెండు రోజులు చెవుల్లో గుయ్యిమంటోందని చెప్పింది. అయినా మరుసటి నెల మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ నిలబడ్డాను. నేను నిలబడటం మానేసింది దాదాపు సంవత్సరం తర్వాత. అప్పటి నుంచి ఆమె ఆ మాత్రలను ఖాళీ ఇంకు సీసాలో వేసి కిటికీలో పెట్టేది.

వేసవి సెలవుల్లో అక్కకు జ్వరం వచ్చేది కాదు. నొప్పి వచ్చేది, చీటీ అవసరముండేది కాదు. ఆదివారాలు, పండుగలు, సెలవులు పోగా మిగిలినవే ఆ యాభై ఎనిమిది.

నాకు పర్సనల్ నోటుబుక్కు ఒకటి పెట్టుకునే అలవాటు. ఏ వీధిలో ఎవరికి ఎన్నిసార్లు జ్వరమొచ్చింది, ఏ ఇంట్లో నీళ్ళతొట్టి మూత లేకుండా ఉంది, అన్నీ అందులో రాసుకునేవాణ్ణి. రెండో ఏడాది ఒక మధ్యాహ్నం ఆ పేజీలు తిప్పుతుంటే ఒక సంగతి కనిపించింది. కొందరు ఆడవాళ్ళ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందరూ పదిహేనుకూ నలభై అయిదుకూ మధ్య వయసు వాళ్ళు. స్లైడు ఎప్పుడూ నెగెటివే. జ్వరం మొదలైందని వాళ్ళు చెప్పిన తేదీ నుంచి తేదీకి తీసేస్తే ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ముప్పై. మలేరియా జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది, రెండు రోజులు విడిచీ వస్తుంది. ఇరవై ఎనిమిది రోజులకు ఒకసారి వచ్చే మలేరియా ఏ పుస్తకంలోనూ లేదు.

పదకొండు మంది. అక్కతో కలిపి పన్నెండు.

వాళ్ళు జ్వరమని ఎందుకు చెప్పారో నాకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాకిట్లోకి వచ్చి, ఏం బాధ అని అడిగి, ఉచితంగా మాత్ర ఇచ్చిపోయే మనిషిని నేనొక్కడినే. నేనడిగేది జ్వరం గురించి. కాబట్టి వాళ్ళు చెప్పేదీ జ్వరమే. నా చేతిలో ఉన్న మాత్ర ఏ నొప్పికో వాళ్ళకు తెలియదు. మాత్ర అయితే చాలు.

వాళ్ళలో బజారు వీధి షావుకారు కోడలు ఒకామె. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి. బిడ్డ పుడితే నొప్పి పోతుందనే మాట ఎంత నిజమో ఆమెను చూస్తే తెలుస్తుంది. ఆ మూడు రోజులు ఆమె వెనక వసారాలో చాప మీద ఉండేది. ఎవరూ ముట్టుకోకూడదు, నేనైతే అసలే ముట్టుకోకూడదు. నేను గడప దగ్గర నిలబడి జ్వరాలున్నాయా అని అడిగితే, అత్త లేవని చెప్పేలోపలే వెనక నుంచి గొంతు వినిపించేది.

"నాకుండాది జరం."

"జరం లేదు ఏం లేదు, ఊరికే పండుకునేదానికి," అనేది అత్త. "పోప్పా మలేరియాయప్పా, పక్కింట్లో అడుగుపో."

అయినా నేను పోయేవాణ్ణి కాదు. నెలకు ఇన్ని స్లైడ్లు తీయాలని నాకొక టార్గెట్ ఉంది. స్లైడు, సూది, దూది ఒక రేకు మూతలో పెట్టి వసారా అంచున ఉంచి దూరం జరిగేవాణ్ణి. ఆమె తన వేలు తానే పొడుచుకొని, చుక్కను స్లైడు మీద తానే రుద్ది, నేల మీద పెట్టి వెనక్కి జరిగేది. నేను వంగి తీసుకునేవాణ్ణి. ఆమె పూత నాకన్నా పలుచగా, సమంగా వచ్చేది. అంత మంచి స్లైడ్లు పల్లెల్లో తిరిగే మా వర్కర్లు కూడా తీసేవాళ్ళు కాదు. మాత్రలు వసారా పిట్టగోడ మీద పెడితే చేయి మాత్రం బయటికొచ్చి తీసుకునేది. ఆ ముఖాన్ని నేను ఏళ్ళ తరబడి సరిగ్గా చూడలేదు.

ఆ జాబితా గురించి మా హెల్త్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాను. ఈ పన్నెండు మందికి మలేరియా కాదు సార్, ఇంకేదో ఉంది, పెద్ద డాక్టరు చూస్తే బాగుంటుంది అన్నాను. ఆయన నోటుబుక్కు తీసుకొని ఆ పేజీని శ్రద్ధగా చూశాడు.

"ఆడోళ్ళ నొప్పులు మన ప్రోగ్రాములో లేవప్పా. ఇది మాత్రం బలే లిస్టు. నెలాఖరుకు స్లైడ్లు తక్కువ పడితే ఈ తేదీలకు ఆ ఇండ్లకు పోతే చాలు కదా."

ఆయన హాస్యానికి అన్నాడో నిజంగా అన్నాడో నాకు తెలియదు. నేను మాత్రం అదే చేశాను. నా టార్గెట్ ఆరేళ్ళలో ఏ నెలా తగ్గలేదు. ఎవరికి ఏ రోజు నొప్పి వస్తుందో ముందే లెక్కేసుకొని, ఆ రోజు సరిగ్గా వాళ్ళ గడప ముందు సూదితో నిలబడేవాణ్ణి. నన్ను చూసి వాళ్ళు మంచివాడనుకునేవాళ్ళు. పిలవకుండానే వస్తాడని అనుకునేవాళ్ళు.

1981లో అక్క నంద్యాలలో ఒక డాక్టరుకు చూపించుకుంటానంది. అప్పటికి నొప్పి మూడు రోజుల నుంచి ఆరుకు పెరిగింది. దొడ్డికి పోయేటప్పుడు కూడా ప్రాణం పోతున్నట్టుంటుందని, అంతకు ముందు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. ఆ డాక్టరు మగవాడు, జ్వరాలకు పేరున్నవాడు, నాయనకు తెలిసినవాడు. నంద్యాలలో మాకు తెలిసిన లేడీ డాక్టరు అప్పట్లో లేదు.

"నువ్వు కూడా రా. నాకు నోరు రాదు. నువ్వే చెప్పు," అంది.

రౌండు తప్పకూడదని చెప్పాను. ఆ వారం రౌండు లేదు. ఆ మాట నా నోటికి కూడా రాదు, అదీ సంగతి. నెలనెలా ఆమె రక్తం తీయగలను, ఆ రక్తం ఎందుకు తీస్తున్నానో ఒక పరాయి మగవాడి ముందు పలకలేను.

రాకపోవడానికి బదులు ఒక కాగితం తయారు చేశాను. తెల్లకాగితం మీద స్కేలుతో నాలుగు గడులు గీశాను. వరుస నంబరు, స్లైడు నంబరు, తేదీ, ఫలితం. పైన 'జ్వరం వచ్చిన తేదీలు' అని పేరు రాశాను. అయిదో గడి కూడా గీసి, ఒక తేదీకీ ఇంకో తేదీకీ మధ్య ఎన్ని రోజులో పెన్సిలుతో వేశాను. వేసినాక అది మరీ బయటపడినట్టుందని చెరిపేశాను. చదువుకున్న డాక్టరు, తేదీలు చూడగానే తీసివేత తనే చేసుకుంటాడని నా నమ్మకం. ఆయన చేసుకోలేదు. చేసుకోవలసిన అవసరం ఆయనకేముంది? పైన జ్వరమని రాసి ఉంది, అదీ మలేరియా డిపార్టుమెంటు మనిషి చేతిరాత.

సాయంత్రం బస్సు దిగి వచ్చింది అక్క. ఒంట్లో దాగిన మలేరియాకని పద్నాలుగు రోజుల మాత్రలు, క్షయ ఉందేమో చూడటానికి ఎక్స్‌రే చీటీ ఇచ్చారు.

"ఏమన్నాడక్కా?"

"నీ చేతిరాత శానా బాగుండాదన్నాడు."

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆమె ఏ డాక్టరు దగ్గరికీ పోతాననలేదు. పోదామని నేనూ అనలేదు. నెలనెలా చెయ్యి చాపేది, పొడిచేవాణ్ణి. మధ్యలో రెండు సంబంధాలొచ్చాయి. కొత్త ఇంట్లో నెలకు ఆరు రోజులు మంచం పడితే ఏం చెప్పుకోవాలని రెండింటినీ ఆమే వద్దంది. మూడోది 1985లో. అతనూ టీచరే, నెమ్మదస్తుడు. ఆమె ఆలోచిస్తానంది. వద్దనకపోవడం అదే మొదటిసారి. అమ్మ నంద్యాల నుంచి మనిషి మీద మనిషిని పంపేది.

ఆ ఫిబ్రవరిలో బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ అక్క కింద కూర్చుండిపోయింది. సుద్దముక్క పడితే వెతుక్కుంటోందనుకున్నారట పిల్లలు. తోటి టీచరు కబురు పంపితే పోయి చూశాను. ముఖం బూడిద రంగుకు తిరిగింది. నంద్యాల బస్సులో ముందు సీటులో కూర్చోబెట్టాను. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా ముందున్న కమ్మీని పట్టుకునేది. నలభై కిలోమీటర్ల దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆ రోజు తెలిసింది.

నంద్యాలలో అప్పటికి ఒక లేడీ డాక్టరు కొత్తగా నర్సింగ్ హోమ్ పెట్టి ఉన్నారు. కోస్తా వైపు మనిషి. అక్కను మంచం మీద పడుకోబెట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టకముందే అడిగారు.

"నొప్పి ముట్టుతో పాటు వస్తుందా అమ్మా?"

అక్క తల ఊపింది. అంతే. ఆ ప్రశ్న అడగడానికి పట్టింది మూడు సెకన్లు. ఆ ప్రశ్న ఆమె దాకా రావడానికి పట్టింది పదిహేడేళ్ళు.

మరునాడు పొద్దున ఆపరేషను చేశారు. అయినాక డాక్టరమ్మ నన్ను పిలిచి స్టీలు ట్రే చూపించారు. రెండు అండాశయాలూ ఉబ్బి, సంచుల్లా అయి ఉన్నాయి. ఒకటి పగిలి ఉంది. లోపల ఉన్నది మాడిన బెల్లంపాకంలా నల్లగా, చిక్కగా ఉంది. అది పాత రక్తం. గర్భసంచి లోపల ఉండవలసిన పొర కొందరికి బయట కూడా పెరుగుతుందని, నెలనెలా అది కూడా రక్తం కారుస్తుందని, అది బయటికి పోవడానికి దారి ఉండదని, లోపలి అవయవాలన్నిటినీ ఒకదానికొకటి అంటించేస్తుందని చెప్పారు. దాని పేరు ఎండోమెట్రియోసిస్. పేగుకు కూడా అంటుకుపోవడంతో గర్భసంచి, రెండు అండాశయాలు తీసేయవలసి వచ్చింది.

ఏడేళ్ళు నేను ఆ రక్తాన్ని వేలి కొనలో వెతికాను.

ఎన్నాళ్ళ నుంచి ఉందని ఆమె అడిగితే సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చాను. తేదీలన్నీ ఉన్నాయి. ఆమె పేజీ తర్వాత పేజీ తిప్పారు. పేజీ పైన 'జ్వరాలు' అని రాసిన చోట వేలు ఆగింది.

"ఇవి జ్వరాలు కావని నీకు తెలుసా?"

"తెలుసు మేడం."

"మరి?"

"ఆ మాటకు గడి లేదు మేడం."

"గీసుకోవడానికి నీ దగ్గర స్కేలు లేదా?"

నాలుగేళ్ళ ముందే ఇది తెలిసి ఉంటే ఇంత తీయవలసిన అవసరం ఉండేదా అని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేనన్నారు. అప్పుడైతే ఆ గడ్డల వరకే తీసి చూసేవాళ్ళేమో అన్నారు. ఆ 'ఏమో' ఒక్కటే నాకు మిగిలింది. అది ఏ లెక్కలోకీ రాదు.

ఇంకో ప్రశ్న కూడా అడిగాను. ఎంతమంది ఆడవాళ్ళకు ఈ జబ్బు ఉంటుంది అని. ఆ సమయంలో అడగవలసిన ప్రశ్న కాదు. కానీ నాకు వేరే విధంగా ఆలోచించడం రాదు. ఆమె చేతులు తుడుచుకుంటూ బదులు చెప్పారు. కడుపు తెరిచి చూస్తే తప్ప ఈ జబ్బు ఉందని గట్టిగా చెప్పలేం. ఎవరి కడుపు తెరుస్తాం? పిల్లలు పుట్టలేదని వచ్చినవాళ్ళది, లేదా ఇట్లా చావు దాకా వచ్చినవాళ్ళది. పిల్లలున్న ఆమెకు నొప్పి ఉంటే ఎవరూ తీసుకురారు. పెళ్ళికాని పిల్లను అసలే తీసుకురారు. చెప్పుకోలేనివాళ్ళు రారు. నా ఆపరేషను బల్ల ఎక్కినవాళ్ళే నాకు లెక్క.

"మీ ఊళ్ళో ఎంతమందికి ఉందో నన్నడుగుతావేం? ఇల్లిల్లూ తిరిగేవాడివి నువ్వు కదా."

ఆ మూడో సంబంధాన్ని అమ్మే వద్దని కబురు పంపింది. అక్కను అడగలేదు.

జూన్‌లో బడి తెరిచాక అక్క ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఆ ఏడాది హాజరు చూసి హెడ్మాస్టరు మెచ్చుకున్నాడట, మొత్తానికి మలేరియా వదిలింది అని. అక్క అది కూడా బియ్యం ఏరుతూనే చెప్పింది. తర్వాత అడిగింది.

"నా గాజు పలకలు యాడుండాయి ఇప్పుడు?"

"లేవక్కా. నెగెటివ్ వచ్చినవి కొన్నాళ్ళు పెట్టి, కడిగేస్తాం."

"కడిగి?"

"మళ్ళీ వాడతాం."

"ఎవురికి?"

"ఎవురికన్నా."

ఆమె చేట కదిలించడం ఆపలేదు.

నేను చేయవలసింది ఒకటి మిగిలి ఉంది, ఆ పదకొండు మంది. వాళ్ళందరికీ ఇదే జబ్బు అని కాదు. ఎందరికి ఉందో, ఎందరికి లేదో నాకు తెలియదు. కనీసం ఆ ప్రశ్న వాళ్ళ దాకా చేరాలి. మొదటి ఇంట్లోనే అడిగాను, నొప్పి నెలసరితో వస్తుందా అమ్మా అని. ఆమె తలుపు చాటుకు జరిగింది. లోపల నుంచి మొగుడు వచ్చి నా సంచి వీధిలోకి విసిరేశాడు. నాలుగు స్లైడ్లు పగిలాయి. రెండు రోజుల తర్వాత ఇన్‌స్పెక్టరు మెమో చేతిలో పెట్టాడు.

"జరం అడగమంటే ముట్టడుగుతాండావంటనే. కొలువు మీద ఆశ లేదా నీకు?"

ఆశ ఉంది. అందుకని మిగిలిన పది ఇళ్ళలో మళ్ళీ జ్వరమే అడిగాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. డాక్టరమ్మ మాట విన్న తర్వాత కూడా నేను పది నెలలు జ్వరమే అడిగాను.

ఒక ఆదివారం అక్క నా నోటుబుక్కు తీసి చదివింది. నేను చర్చి నుంచి వచ్చేసరికి ఆ పేజీ తెరిచి ముందు పెట్టుకొని ఉంది.

"వీళ్ళంతా ఎవురు?"

చెప్పాను. షావుకారు కోడలి గురించి, ఆమె స్లైడ్ల గురించి కూడా చెప్పాను.

"దాని పెద్దకొడుకు నా క్లాసే," అంది అక్క, ఆ పేరు మీద వేలు పెట్టి.

ఆ వారంలోనే ఆమె షావుకారింటికి పోయింది. కొడుకు చదువు గురించి మాట్లాడటానికని పోయి, అత్తతో గంటసేపు కూర్చుంది. మీ కోడలు పుస్తకం ముఖానికి ఆనించుకొని చదువుతాంది, కళ్ళు చూపించకపోతే తలనొప్పి ముదురుతుంది, నంద్యాలలో నాకు తెలిసిన డాక్టరమ్మ ఉంది అని చెప్పింది. కళ్ళకైతే అత్తకు అభ్యంతరం లేదు. మగతోడు కాదు, టీచరమ్మ తోడు. శనివారం పంపుతానంది.

మళ్ళీ ఒక అబద్ధపు జబ్బే. ఈసారి జ్వరం బదులు కళ్ళు.

నేను శుక్రవారం కూర్చొని కోడలి తేదీలతో ఒక కాగితం తయారు చేశాను. అయిదు గడులు గీశాను, ఈసారి దేన్నీ చెరపలేదు. పైన జ్వరమని రాయలేదు, ముట్టునొప్పి అని రాశాను. నాలుగక్షరాల ఆ మాట రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది.

శనివారం పొద్దున బస్టాండులో అక్కకు ఆ కాగితం ఇచ్చాను. షావుకారు కోడలు రెండడుగుల వెనక నిలబడి ఉంది. నేనామె ముఖం సరిగ్గా చూడటం అదే మొదటిసారి. నేననుకున్నదానికన్నా చిన్నదానిలా కనిపించింది. నన్ను చూసి అలవాటు కొద్దీ ఎడమచేతిని కొంగులోకి లాక్కుంది.

అక్క కాగితం విప్పి పై నుంచి కింది దాకా చదివింది. పిల్లల కాపీ దిద్దేటప్పుడు చూసినట్టే చూసింది. మడిచి తిరిగి నా జేబులో పెట్టింది.

"ఇది వద్దు. ఇంట్లో పెట్టుకో."

"తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయక్కా."

"ఉంటాయిలే. ఆయమ్మ నోటితో ఆయమ్మే చెప్తాది. చెప్పలేకపోతే నేను చెప్తా."

"నేను కూడా వస్తా."

"వద్దు. నీకు నోరు రాదు."

కోపంగా అనలేదు. ఉన్న విషయం ఉన్నట్టు అంది. ఇద్దరూ ఎక్కారు. ఆడవాళ్ళ సీటులో కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టి, గుంతలొస్తే పట్టుకోవడానికి ముందున్న కమ్మీని అక్క చేత్తో చూపించింది.

బస్సు ఎనిమిదీ ఇరవైకి కదిలింది. అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి టైము రాసుకున్నాను. పక్క గడిలో ఏం రాయాలో తోచలేదు. ఖాళీగా వదిలేసి, సంచి భుజాన వేసుకొని రౌండుకు పోయాను.